నాలుగెకరాల డెబ్భై రెండు సెంట్ల మాను

ఆర్టీసీలో కండక్టరుగా చేసినన్నాళ్లూ నా బతుకు పోయిన దారినే తిరిగి రావడం. ధర్మవరం పోతే ధర్మవరం నుంచి, హిందూపురం పోతే హిందూపురం నుంచి. పొద్దున చూసిన చింతచెట్లనే సాయంత్రం రెండో వైపు నుంచి చూడటం. రిటైరయ్యాక షుగరు పలకరించింది, రోజూ నడవమన్నారు డాక్టరు. మా కొత్తచెరువులో నడక అంటే స్టేషను రోడ్డే. పుట్టపర్తి వచ్చే భక్తుల కోసం 2000లో తెరిచిన ప్రశాంతి నిలయం రైల్వేస్టేషను ఉన్నది మా ఊరి పక్కనే. అక్కడి దాకా పోవడం, మళ్లీ అదే రోడ్డున రావడం. ఉద్యోగం పోయినా ట్రిప్పులు తప్పలేదన్నమాట.

మా అమ్మాయి వాళ్లు ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌లో ఉంటారు. ఆ పక్కనే షేర్‌వుడ్ అడవి, రాబిన్‌హుడ్ కథల్లోది. మేం పోయినప్పుడు అల్లుడు ఒక ఆదివారం అక్కడికి తీసుకుపోయాడు. కారు ఒకచోట ఆపి ఓక్ చెట్ల నడుమ బాట పట్టుకుంటే, ఆ బాటే తిప్పి తిప్పి మళ్లీ కారు దగ్గరికి చేరుస్తుంది. మలుపు వచ్చిన చోటల్లా కొయ్యగుంజకు బాణం గుర్తు. చూసిన చెట్టును రెండోసారి చూసే పని లేదు. దాన్ని వాళ్లు సర్క్యులర్ వాక్ అంటారు. ఆ దేశంలో పల్లెపల్లెకూ అలాంటి బాటలున్నాయి. మనకు ప్రదక్షిణం తెలుసు, గిరి చుట్టూ తిరగడం తెలుసు. దేవుడు లేకుండా ఊరికే చుట్టు తిరగడం మాత్రం నాకు కొత్త.

ఆ అడవిలో మేజర్ ఓక్ అని ఒక ముసలిమాను ఉంది. 800 నుంచి 1,000 ఏళ్ల వయసు చెబుతారు. 1790లో మేజర్ హేమన్ రూక్ అనే ఆయన దాని గురించి రాస్తే, ఆయన హోదాయే చెట్టుకు పేరయింది. కొమ్మలు బరువెక్కి వాలిపోతుంటే 1908లో ఇనుప గొలుసులతో కట్టారు, తర్వాత కింద ఊతకర్రలు నిలబెట్టారు. నన్ను ఆపింది అవేవీ కాదు, చుట్టూ ఉన్న కంచె. చూడ్డానికి వచ్చిన జనం తొక్కి తొక్కి నేల గట్టిపడిపోయి, వాన నీళ్లు వేళ్ల దాకా దిగడం లేదట. 1970లలో కంచె కట్టి జనాన్ని దూరంగా నిలబెట్టారు. ఎవరూ గొడ్డలి వేయలేదు, కొమ్మ విరవలేదు. అందరూ ముచ్చటపడి దగ్గరికి వచ్చి చూసిపోయారు, అంతే. దిష్టి కళ్లతోనే తగులుతుందనుకుంటాం మనం, కాళ్లతో కూడా తగులుతుందని అక్కడ తెలిసింది.

ఓక్ మానులు మన సీమలో లేవు. హిమాలయాల వైపు కొండల్లో ఉన్నాయి, ఇక్కడి ఎండకు నిలవవు. మన ఎర్రనేలలో నిలిచేది మర్రి. ఈ రెంటికీ పెద్ద తేడా ఒకటుంది. ఓక్ కొమ్మ బరువెక్కితే మనిషి పోయి ఊతం పెట్టాలి. మర్రి తన ఊతం తానే పైనుంచి దించుకుంటుంది. అందుకని ఇంగ్లండులో అడవంతా తిరిగితే గానీ దొరకని చుట్టుబాట, మా జిల్లాలో ఒకే చెట్టు చుట్టూ దొరుకుతుంది. అదే గూటిబయలులోని తిమ్మమ్మ మర్రిమాను.

ఊరు ఎన్.పి.కుంట మండలంలో ఉంది. మాను దగ్గరికి పోతుంటే దూరం నుంచి ఒక పచ్చని తోపు కనబడుతుంది. కొత్తవాళ్లు ఆ తోపులో చెట్టు ఎక్కడుందో అని వెతుకుతారు. తోపంతా చెట్టే. 1989లో ప్రపంచంలోకెల్లా విశాలమైన మర్రిగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. కొమ్మలు పరచుకున్న జాగా 19,107 చదరపు మీటర్లు. ఈ అంకె మా రైతులకు చెబితే ఊరికే తలూపుతారు. 4 ఎకరాల 72 సెంట్లు అని చెబితే నోరు తెరుస్తారు. అంత చేనుకు శనక్కాయ విత్తనం ఎంత కావాలో మనసులో లెక్క వేసుకుంటారు. నేను ఇంకో లెక్క వేశాను. చెట్టు సరిగ్గా గుండ్రంగా ఉందనుకుంటే, ఆ విస్తీర్ణానికి చుట్టుకొలత 490 మీటర్లు వస్తుంది. కానీ మర్రి గుండ్రంగా పెరగదు. ఒకచోట చెయ్యి చాచినట్టు ముందుకొస్తుంది, ఇంకోచోట వెనక్కి తగ్గుతుంది. అంచు పట్టుకుని నడిస్తే దారి అంతకు చాలా మించుతుంది. ఊడలు వెయ్యికి పైమాటే.

ఈ మానును లోకానికి చూపించిన మనిషి కథ కూడా చెప్పాలి. బెంగళూరు పాత్రికేయుడు, ఫోటోగ్రాఫరు సత్యనారాయణ అయ్యర్. ‘అచ్చు వేయలేకపోతున్నందుకు విచారిస్తున్నాం’ అంటూ పత్రికలు తిప్పి పంపిన ఉత్తరాలు వందలకొద్దీ దాచుకుని, చివరికి ఆ ‘రిగ్రెట్’ అన్న మాటనే పేరుకు ముందు తగిలించుకుని రిగ్రెట్ అయ్యర్ అయిపోయాడు. అక్కడ మేజరు, ఇక్కడ అయ్యరు. వందల ఏళ్లుగా ఊరి జనం మొక్కుతున్న చెట్టయినా, బయటివాడొకడు రాస్తే గానీ దానికి పేరు రాదు కాబోలు.

మా కొత్తచెరువువాళ్లకు ఈ మానుతో చుట్టరికం ఉంది. తిమ్మమ్మ పుట్టింది మా పక్కనున్న బుక్కపట్నంలో. 1394లో శెట్టిబలిజ ఇంట, మంగమ్మ, సెన్నక్క వెంకటప్ప దంపతులకు పుట్టిందని స్థలచరిత్ర చెబుతుంది. గూటిబయలు బాలవీరయ్యకు ఇచ్చి పెళ్లి చేశారు. ఆయన రోగంతో పోతే 1434లో ఆమె చితి ఎక్కింది. చితికి నిలబెట్టిన గుంజల్లో ఒకటి చిగురించి ఈ మానయిందని నమ్మకం. మాను కింద ఆమె గుడి ఉంది. పిల్లలు లేని దంపతులు మొక్కుకుంటే మరుసటేడు కడుపు పండుతుందంటారు, ఈ మాట గిన్నిస్ పుస్తకంలోకి కూడా ఎక్కింది.

పచ్చి మర్రికొమ్మ పాతితే చిగురు వేయడంలో వింత లేదు. రోడ్ల పక్కన మర్రులు చాలావరకు అలా గుంజలు పాతి పెంచినవే. గుంజ చిగురించడం నేను నమ్మగలను. చితి సంగతి దగ్గరే నాకు గొంతులో ఏదో అడ్డం పడుతుంది. 40 ఏళ్ల ఆడమనిషి నిప్పుల్లోకి పోవడం గొప్పని చెప్పడానికి నాకు నోరు రాదు. ఆ ఆచారాన్ని 1829లో బెంగాల్‌లో నిషేధించారు, మరుసటేడు మన మద్రాసు రాజధానిలో కూడా. గుడి ముందు నేను చేతులు జోడిస్తాను, ఆ తల్లికి. నిప్పుకు కాదు. మా ఆవిడ ఈ మాట వింటే “గుడికాడ ఎందుకప్పా ఆ మాటలు” అంటుంది.

ఇక నడక. లోపల దారులున్నాయి గానీ నాకు ఇష్టం అంచున తిరగడం. కుడిచేతి వైపు మాను ఉండేలా మొదలుపెడతాను, ప్రదక్షిణం అలవాటు ఎక్కడికి పోతుంది! జ్యేష్ఠ పున్నమి నాడు, అంటే మన రైతుల ఏరువాక పున్నమి నాడే, ఆడవాళ్లు మర్రికి దారం చుడుతూ తిరిగేది కూడా ఇలాగే. ఎండలోంచి నీడలోకి, నీడలోంచి ఎండలోకి పోతూ ఉంటాం. ఎండలో ఉన్నప్పుడు ఎర్రమట్టి, బండలు, శనక్కాయ చేలు. ఒక్క అడుగు లోపలికి వేస్తే చెమట ఆరిపోతుంది. ఇదే మండలంలో సోలార్ పార్కు ఉంది. 2016లో ఎన్టీపీసీ 250 మెగావాట్ల ప్లాంటు అక్కడ పూర్తి చేసింది. పలకలు పరచుకుని ఎండను మేయడం ఈ మండలానికి కొత్త కాదు, ఈ మాను ఆకులతో ఆ పని ఎప్పటినుంచో చేస్తోంది.

వానలు మొదలయ్యాక పోతే ఊడ కొసను చూడండి. ఎండాకాలంలో ఎండు తాడులా వేలాడినది, నాలుగు వానలు పడేసరికి కొసన లేత రంగు తిరుగుతుంది. ముట్టుకుంటే మెత్తగా, చల్లగా ఉంటుంది. పైన గోధుమరంగు బెరడు, కింద గుత్తిగా సన్నని పోగులు. నేల తగిలేదాకా అది గాలికి ఊగుతూనే ఉంటుంది. తగిలాక ఊగడం మానుతుంది. మట్టిలో వేళ్లు విడుస్తుంది, బిగుసుకుంటుంది, ఏటికేడు లావెక్కుతుంది. చివరికి ఏది కాండమో ఏది ఊడో పోల్చుకోలేం. నేను అలాంటి కొసనొకదాన్ని పట్టుకుని చూస్తుంటే కాపలా ఆయన కేకేశాడు.

“సామీ, ఆడ తొక్కద్దు. ఊడ దిగుతాండాది.”

“లేదప్పా, చూస్తాండా అంతే. దీనికి ఈ బొంగెందుకు తొడిగినారు?”

అటవీశాఖవాళ్లు చేసే పని అది. వెదురుబొంగును నిలువునా చీల్చి, లోపల మట్టి, ఎరువు నింపి ఊడకు తొడుగుతారు. తడి చాలక గాలిలో ఎండిపోవాల్సిన ఊడ, బొంగులోని మట్టినే నేల అనుకుని కిందికి పరుగు పెడుతుంది. ఎటువైపు కొమ్మకు ఊతం కావాలో అటువైపు ఊడను దించుకోవచ్చు. మరీ బరువైన కొమ్మలకు సిమెంటు దిమ్మెలు కట్టారు. అంటే ఈ నాలుగెకరాల విస్తరణలో చెట్టు పట్టుదలతో పాటు కూలీల చేతిపని కూడా ఉంది. ఫోటోల్లో అది కనబడదు.

కింద రాలిన పండొకటి గోటితో చీల్చాను. ఎర్రగా, గోళీకాయంత. మేడిపండు సంగతి వేమన ఏనాడో చెప్పాడు. ఆయన సమాధి ఉన్న కటారుపల్లి కదిరి పక్కనే. మర్రిపండుదీ మేడి వంశమే. లోపల పొట్టంతా సన్నని గింజలు, నడుమ చీమ తలకంటే చిన్న పురుగులు. అసలు మనం పండనుకునేది బయట తోలు, లోపల పూలు. మర్రి పూలన్నీ ఆ సంచిలో లోపలి వైపు తిరిగి పూస్తాయి. వాటికి పుప్పొడి చేరవేయడానికి మర్రికంటూ ఒక కందిరీగ జాతి ఉంది. ఆడది కాయ కొసనున్న సన్నని రంధ్రంలోంచి దూరుతుంది. ఆ ఇరుకులో రెక్కలు ఊడిపోతాయి, ఇక బయటికి రాదు. పుప్పొడి అంటించి, గుడ్లు పెట్టి అక్కడే పోతుంది. పుట్టిన మగవాటికి రెక్కలే ఉండవు, లోపలే జతకట్టి, ఆడవి బయటపడడానికి దారి తొలిచి చస్తాయి. ఆ ఆడవి పుప్పొడితో ఎగిరి ఇంకో కాయ వెతుక్కుంటాయి. పురుగులని మనం మొహం చిట్లించే ఆ ప్రాణులు లేకపోతే మర్రికి విత్తనం లేదు. పక్షులు పండ్లు తిని విత్తనాన్ని తాటిమట్టల్లో, గోడల పగుళ్లలో రాలుస్తాయి, మళ్లీ మర్రి మొదలు. ఇంత కథ నడిపే కందిరీగ పొడవు ఒకటి రెండు మిల్లీమీటర్లు.

చెట్టు చుట్టూ దారి వేయడం అన్నంత సులువు కాదు. హౌరా బొటానికల్ గార్డెన్‌లోని మహామర్రి చుట్టూ 330 మీటర్ల రోడ్డు వేశారు, మాను ఆ రోడ్డు దాటి అవతలికి పాకిపోయింది. దాని కథ ఇంకా విచిత్రం. 1864, 1867 తుపానులకు కొమ్మలు విరిగి, ఆ గాయాల్లో బూజు పట్టి తల్లికాండం కుళ్లిపోతే 1925లో దాన్ని తీసేశారు. అమ్మ పోయినా ఊడలు సంసారం నడుపుతున్నాయి. మన మహబూబ్‌నగర్ పిల్లలమర్రి అంత అదృష్టం చేసుకోలేదు. చెదలు తొలిచేసి 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ కూలింది, జనాన్ని రానివ్వడం ఆపేశారు. 2018లో ఆస్పత్రిలో రోగికి పెట్టినట్టే కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి చెదల మందు ఎక్కించారు. పత్రికల్లో ఆ ఫోటోలు మీరు చూసే ఉంటారు.

అందుకే గూటిబయలులో నేను అంచున నడుస్తాను. తినే వేళ్లు, అంటే నీళ్లు తాగే సన్నని వేళ్లు, పైపొరలోనే ఉంటాయి. ఏడాదికి పడే వాన మాకు అంతంతమాత్రం, ఆ కాస్త కూడా గట్టినేల మీద జారిపోతే చెట్టు ఏం తాగుతుంది? ఊడకు ఉయ్యాలలా వేలాడే కుర్రాళ్లను, కాండం మీద తాళంచెవితో పేర్లు గీకేవాళ్లను కాపలా ఆయన కేకేస్తాడు. గీతను చెట్టు ఏదో ఒకనాటికి మాన్పుకుంటుంది. తొక్కుడు ఎవరికీ తప్పుగా కనబడదు, కేకేసేవాడూ లేడు.

మీరు పోవాలనుకుంటే మా ఊరి నుంచి బుక్కపట్నం, నల్లమాడ మీదుగా కదిరి చేరుకోండి. నరసింహస్వామిని చూసుకుని, గుడి ముందు మల్లెలు కొనుక్కుని, ఆగ్నేయంగా సుమారు 25 కిలోమీటర్లు పోవాలి. పల్లెరూట్లలో బస్సులు పలచన, వెనక్కి వచ్చే బస్సు టైము కదిరి స్టాండులోనే కనుక్కోండి. నీళ్లసీసా ఉండాలి. వానలు పడ్డాక, ఆగస్టు నుంచి డిసెంబరు దాకా నడకకు బాగుంటుంది. శివరాత్రికి పెద్ద జాతర, ఇసుక వేస్తే రాలదు. ఆ రోజు మాత్రం వద్దని నా సలహా. వేలమంది ఒకేనాడు ఆ వేళ్ల మీద నిలబడతారు. ఇదంతా మా ఆవిడకు విడమరిచి చెప్పాను, షేర్‌వుడ్ కంచెతో సహా.

“నువ్వు ఎప్పుడన్నా పో. మొక్కు శివరాత్రికే చెల్లించల్ల” అంది.

వచ్చే శివరాత్రికి ఇద్దరం పోతున్నాం.