జాంబీల ఆటలో తొలి అడుగులు

తుపాకి చేతబట్టి, జాంబీల గుంపులను తప్పించుకొనుచు సాగెడు కంప్యూటరు ఆటలు నేడు పెక్కు కలవు. వానిలో 2009 నవంబరులో వాల్వ్ సంస్థ వెలువరించిన ‘లెఫ్ట్ ఫోర్ డెడ్ 2’ అను దానిని మేము ఉదాహరణముగా గైకొనుచున్నాము. ఆట పాతదే, అయినను సామాన్యమైన కంప్యూటరు మీద సయితము నడచును, క్రొత్తవానికి కావలసిన పాఠములన్నియు ఇందే దొరకును. అమెరికాలోని సవానా నగరమున మొదలై న్యూ ఆర్లియన్స్ వంతెన దాటుటతో ముగియు ప్రయాణమిది. ఇందలి జాంబీలు నిజమునకు చచ్చినవారు కారు. రోగము సోకి ఉన్మత్తులైనవారు. మన కథలలోని బేతాళుడు ప్రశ్నలడిగి కొంత కాలయాపనమైనను చేయును. వీరికి ఆ ఓపిక లేదు. పదునేడేండ్లు నిండని పిల్లలకు ఈ ఆట తగదని అమెరికాలోని వర్గీకరణ సంఘము నిర్ణయించినది. తలిదండ్రులు ఈ సంగతి గమనింపవలెను.

ఇది నలుగురు కలసి ఆడెడు ఆట. ఒకడు దారితప్పిన తక్కిన ముగ్గురకును ముప్పు. అందుచేత తడబడు క్రొత్తవానిని తోడివారు ఓటు వేసి వెలుపలికి పంపుటయు కలదు. అట్లు పంపబడినవాడు తనకు నేర్పు లేదని తలచి ఆటనే విడిచిపెట్టును. కాని పెక్కుమారులు లోపము చేతిలో లేదు, తెరలో నున్నది.

తెర సంగతి కొంత వివరముగా చెప్పవలసియున్నది. కదలు బొమ్మ యనగా వెంటవెంట మారెడు నిలుకడ బొమ్మల వరుస. సెకనునకు 60 బొమ్మలు వచ్చిన ఒక్కొక్కటి సుమారు 17 మిల్లీసెకనులు నిలుచును. 30 మాత్రమే వచ్చిన 33 మిల్లీసెకనులు. మీదికి దూకు శత్రువును కాల్చుటకు ఈ వ్యత్యాసము చాలును. ఇందొక చిక్కు కలదు. ఏమియు లేని గదిలో నిలిచియున్నప్పుడు ఎట్టి యంత్రమైనను చక్కగనే నడచును. పదులకొలది జాంబీలు ఒక్కమారు పైబడినప్పుడే దానికి భారము పెరిగి బొమ్మల వేగము తగ్గును. అనగా మనకు వేగము అత్యవసరమైన క్షణముననే అది మనలను విడిచిపోవును. కావున అమరికలను గుంపు వచ్చిన వేళ పరీక్షింపవలెను గాని, ప్రశాంతముగా నున్నప్పుడు కాదు.

వేగము చాలనిచో మొదట అంచుల నునుపు కొఱకైన యాంటీ ఏలియాసింగును తగ్గింపవలెను. తరువాత షేడరు, ఎఫెక్టుల వివరములను. రిజల్యూషనును కడపటికి ఉంచుకొనవలెను. 1920 చేత 1080 కొలత గల తెరపై ఇరువది లక్షలకు పైగా చుక్కలుండును. 1280 చేత 720 అయినచో తొమ్మిది లక్షల పైచిలుకు మాత్రమే. భారము సగమునకు పైగా తగ్గును, నిజమే. అయితే నేటి పలుచని తెరలలో చుక్కల సంఖ్య స్థిరము గనుక, తక్కువ కొలతను సాగదీసి చూపినపుడు బొమ్మ మసకబారును. దూరమున నున్నది తోడివాడో శత్రువో తెలియదు. ఈ ఆటలో మన గుండు తోడివానికిని తగులును.

వర్టికల్ సింక్ అనునది బొమ్మ అడ్డముగా చీలినట్లు కనబడు దోషమును పోగొట్టును గాని, మౌసు కదలికకును గురికిని నడుమ కొంత ఆలస్యము తెచ్చును. చీలిక సహింపగలవారు దానిని ఆపుట మేలని మా అభిప్రాయము. ఫిల్మ్ గ్రెయిన్ అను అమరిక పాత సినిమా రీలు మీది ఇసుకరేణువుల వంటి మచ్చలను తెర మీద చల్లును. చూచుటకు సొంపే, కాని చీకటి మూలలలో కన్నును మోసగించును. క్రొత్తవారు దానిని పూర్తిగా తగ్గించుకొనవచ్చును. వెలుగు మాత్రము మితిమీరరాదు. టార్చి ఆర్పినప్పుడు ద్వారబంధము అంచు లీలగా కనబడిన చాలును.

ఇక ఆట. శత్రువులు ఎక్కడ ఎప్పుడు వత్తురో నిర్ణయించుటకు ఇందు ‘డైరెక్టర్’ అను ప్రోగ్రాము కలదు. అది ఆటగాండ్రు ఎంత ఇక్కట్టులో నున్నారో కనిపెట్టుచుండి, ఒత్తిడి పెంచి, శిఖరమునకు చేరినపిదప కొంత విరామమిచ్చును. కావున స్థలములను కంఠస్థము చేయుట వ్యర్థము. తోడివారిని విడువకుండుటే రక్ష; హంటర్ మీదికి దూకి అదిమిపట్టెనా, మరియొకరు వచ్చి విడిపింపవలసినదే. ముందు నడచువాడు వంగి కూర్చుండి కాల్చినచో గురి కుదురుట యేగాక, వెనుకవారు తలమీదుగా కాల్చుటకు వీలగును. బూమర్ అను లావుపాటివానిని దగ్గర కాల్చరాదు. త్రోసివైచి, వెనుకకు జరిగి కాల్చవలెను. లేనిచో వాని పైత్యము మీద పడి గుంపునంతయు పిలుచును. స్త్రీ యేడ్పు వినబడినచో టార్చి ఆర్పి దూరముగా తొలగిపోవుడు. జాలిపడవలదు.

చికిత్సపెట్టె విషయమున ఆత్రము కూడదు. అది కోల్పోయిన ఆరోగ్యములో నూటికి 80 వంతులను తిరిగి ఇచ్చును. 80 ఉన్నవాడు వాడిన 96 అగును, లాభము 16; 20 ఉన్నవాడు వాడిన 84 అగును, లాభము 64. మాత్రలు 50 ఇచ్చును గాని ఆ బలము క్రమముగా కరగిపోవును. పరుగెత్తవలసిన వేళకు అవి తగును. ఆరోగ్యము 40కి దిగువైన నడక మందగించును గనుక ఆ అంకెపై కన్నుంచవలెను.

రెండుమారులు కూలి లేచినపిదప తెర రంగులు కోల్పోయి నలుపు తెలుపుగా మారును. క్రొత్తవారు యంత్రము చెడినదని భ్రమించి అమరికల పట్టికను వెదకుట కలదు. తెరకేమియు కాలేదు. మరల కూలినచో మరణమే యని ఆట తెలుపుచున్నది. వెంటనే తోడివారిని పిలిచి చికిత్స పొందవలెను.