గడియ లెక్క

అనకాపల్లి పేరు చెప్పగానే తెలుగువారికి బెల్లం గుర్తుకు వస్తుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైన ఈ పట్టణానికి ఆ కీర్తి మాత్రం ఎంతో పాతది. ఇక్కడి వ్యవసాయ పరిశోధనా కేంద్రం 1913 నుండి చెరకును పరిశీలిస్తూ వస్తున్నది. చెరకు పండించే రైతుకు, బెల్లం వండే పనివానికి కాలం విలువ వేరుగా చెప్పవలసిన పని లేదు. చెరకును కోసిన క్షణం నుండి దానిలోని చక్కెర మార్పు చెందడం మొదలవుతుంది. అందువల్లనే కోసిన చెరకును ఒక రోజులోపుగా గానుగ ఆడాలంటారు. పెనంలో రసం మరుగుతున్నప్పుడు సుమారు 118 డిగ్రీల సెల్సియస్ వద్ద పాకం కుదురుతుంది. కొంచెం ముందుగా దించితే బెల్లం గట్టిపడదు. కొంచెం ఆలస్యమైతే మాడి, రంగు చెడుతుంది. చేయి తిరిగిన పనివాడు గడియారం చూడడు. చల్లని నీటిలో ఒక చుక్క పాకం వేసి, అది ఉండ కట్టిన తీరును బట్టి సమయమైనదని గ్రహిస్తాడు.

విద్యార్థి పని అట్టిది కాదు. చక్కగా చదివిన గంట, పుస్తకం తెరిచి పెట్టుకొని పరధ్యానంగా గడిపిన గంట బయటికి ఒకే విధంగా కనిపిస్తాయి. మాడిన పాకం వాసన వెంటనే తెలుస్తుంది. మాడిపోయిన సాయంకాలం సంగతి వార్షిక పరీక్షలనాటికి గాని తెలియదు. కంటికి కనిపించని దానిని కొలవడానికి ఏదో ఒక పరికరం అవసరమవుతుంది. నేటి కాలంలో ఆ పరికరం విద్యార్థి చేతిలోని సెల్‌ఫోన్‌లోనే ఉన్నది.

కాలాన్ని కొలిచే అలవాటు మనకు కొత్తది కాదు. పూర్వులు ఒక పగలు, ఒక రాత్రి కలిసిన కాలాన్ని 60 గడియలుగా విభజించారు. గడియ అంటే 24 నిమిషాలు. గడియలో అరవయ్యవ వంతు విఘడియ, అనగా 24 సెకండ్లు. రెండు గడియలు ఒక ముహూర్తం; ఏడున్నర గడియలు ఒక జాము. అడుగున సన్నని రంధ్రం గల రాగి గిన్నెను నీటిపై ఉంచితే, నీరు మెల్లగా లోనికి చేరి గిన్నె మునిగిపోతుంది. ఆ గిన్నె రోజుకు 60 సార్లు మునిగేటట్లు దానిని తయారు చేయాలని సూర్యసిద్ధాంత గ్రంథం చెబుతున్నది. గిన్నె ఒకసారి మునిగితే ఒక గడియ గడిచినట్లు. మనం నేటికీ వాడుతున్న గడియారం అనే మాటలో ఆ గడియ అలాగే నిలిచి ఉన్నది.

తరువాత రైళ్లు వచ్చాయి. ఊరికొక మధ్యాహ్నం ఉంటే రైలు నడవదు. కనుక దేశంలోని రైళ్లు చాలాకాలం మద్రాసు నక్షత్రశాల సమయాన్ని అనుసరించాయి. 1906 జనవరి 1 నుండి 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా భారత ప్రామాణిక సమయం అమలులోకి వచ్చింది. ఆ రేఖ మన కాకినాడకు సమీపంగా పోతుంది. అనకాపల్లి దానికి అర డిగ్రీ తూర్పున ఉన్నందువల్ల, ఇక్కడి సూర్యుడు ప్రామాణిక సమయానికి సుమారు 2 నిమిషాలు మాత్రమే ముందుంటాడు. దేశంలో గడియారమూ సూర్యుడూ ఇంత దగ్గరగా నడిచే ప్రాంతాలు తక్కువ. కళాశాలకు ఆలస్యంగా వచ్చే అనకాపల్లి విద్యార్థి సూర్యుని మీద నెపం పెట్టడానికి వీలు లేదు.

ఇక సెల్‌ఫోన్ విషయం. ఫోన్‌లో ఒక ప్రత్యేకమైన పని కోసం అమర్చుకొనే చిన్న ప్రోగ్రామును యాప్ అంటున్నాము. 2008లో ఆపిల్ సంస్థ జూలైలోను, గూగుల్ సంస్థ అక్టోబరులోను యాప్‌ల అంగళ్లను తెరిచిన తరువాత ఈ మాట లోకమంతటా వ్యాపించింది. కాలనిర్వహణకు పనికివచ్చే యాప్‌లు వందలకొద్దీ ఉన్నా అవి చేసే పనులు కొన్నే: తేదీలను గుర్తుచేయడం, చేయవలసిన పనుల పట్టికను ఉంచడం, నియమిత కాలాన్ని కొలిచి గంట కొట్టడం, ఫోన్ మీద గడిచిన కాలాన్ని లెక్క చూపడం. తేదీలను గుర్తుచేసే క్యాలెండరు గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. రుసుము చెల్లించవలసిన గడువు, ప్రయోగ పరీక్ష తేదీ దానిలో వ్రాసి, రెండు రోజుల ముందే గుర్తుచేయమని ఏర్పాటు చేసుకుంటే చాలు.

నియమిత కాలాన్ని కొలిచే యాప్‌లు మాత్రం కొంత వివరంగా తెలుసుకోదగినవి. వీటిలో చాలా వాటికి మూలం పొమొడోరో పద్ధతి. 1980ల చివరి భాగంలో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి చదువు మీద మనసు నిలవక బాధపడి, వంటింట్లో వాడే టమాటా ఆకారపు గంట గడియారాన్ని బల్ల మీద పెట్టుకొని చదవడం మొదలుపెట్టాడు. ఇటలీ భాషలో పొమొడోరో అంటే టమాటా. 25 నిమిషాలు ఒకే పని. ఆ తరువాత 5 నిమిషాలు విశ్రాంతి. ఇట్లా నాలుగు సార్లు అయిన తరువాత మరికొంత దీర్ఘమైన విశ్రాంతి. పద్ధతి అంతే.

ఆ 25 నిమిషాలు మన గడియకు ఒక్క నిమిషం మాత్రమే ఎక్కువ కావడం ముచ్చట గొలిపే విషయం. దీనిని పట్టుకొని పూర్వులకు ఇదంతా ముందే తెలుసునని వాదించడం తగదు. గడియ ఆకాశాన్ని లెక్కించడానికి పుట్టిన కొలత. పొమొడోరో మనసును కూర్చోబెట్టడానికి పుట్టిన ఉపాయం. అయినప్పటికీ తెలుగు విద్యార్థి తన యాప్‌లో 25కు బదులు 24 పెట్టుకొని, ఈ సాయంత్రం నాలుగు గడియలు చదివాను అని చెప్పుకుంటే అందులో తప్పేమీ లేదు.

ఈ పద్ధతి ఎందుకు ఫలిస్తుంది? చదువులో అన్నిటికంటె కష్టమైనది మొదలుపెట్టడం. కర్బన రసాయనం మొత్తం చదవాలి అనుకుంటే మనసు వెనుకకు లాగుతుంది. ఒక్క గడియ కూర్చుంటాను అనుకుంటే అంత భయం కలగదు. మధ్యలో ఏదైనా పని గుర్తుకు వస్తే కాగితం మీద వ్రాసి పక్కన పెట్టడం కూడా ఈ పద్ధతిలో భాగమే. ఒక పనిని అసంపూర్తిగా విడిచి మరొక పనికి మారినప్పుడు మనసులో కొంత భాగం మొదటి పనిలోనే చిక్కుకొని ఉంటుందని 2009లో సోఫీ లెరాయ్ తన పరిశోధనలో వివరించారు. లెక్క చేస్తూ సందేశం చదివి, తిరిగి లెక్కకు వచ్చే విద్యార్థికి ఇది అనుభవంలో ఉన్న సంగతే.

అయితే గడియ అన్ని పనులకూ సరిపోదు. ఆంగ్ల పదాలు వల్లె వేయడానికి, తెలుగు వ్యాకరణ సూత్రాలు చూసుకోవడానికి అది చక్కని కొలత. సమాకలనంలో కఠినమైన లెక్క సగంలో ఉండగా గంట మ్రోగితే, లేచి వెళ్లడం కంటె యాప్‌ను నిర్లక్ష్యం చేయడమే వివేకం. అటువంటి పనికి రెండు గడియల ముహూర్తం, అనగా 48 నిమిషాలు పెట్టుకోవడం మేలు. ఇంటర్మీడియట్ విద్యార్థి గమనించవలసిన లెక్క మరొకటి ఉన్నది. మూడు గంటల ప్రశ్నపత్రం సరిగ్గా ఒక జాము. ఏడాది పొడవునా 25 నిమిషాలకొకసారి లేచే అలవాటు చేసుకున్నవాడు పరీక్షనాడు జాముసేపు కదలకుండా కూర్చోలేడు. కనుక పరీక్షలకు రెండు నెలల ముందు నుండి వారానికి ఒక్కసారైనా యాప్‌ను 180 నిమిషాలకు పెట్టి, పాత ప్రశ్నపత్రాన్ని ఆసాంతం వ్రాయాలి.

పనుల పట్టికలో మరొక చిక్కు ఉన్నది. మనిషి తన పనికి పట్టే కాలాన్ని సాధారణంగా తక్కువగా అంచనా వేస్తాడు. ఈ పొరపాటును డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ అనే శాస్త్రజ్ఞులు 1979లో గుర్తించి, దానికి ఒక పేరు కూడా పెట్టారు. 1994లో కెనడాకు చెందిన పరిశోధకులు కొందరు విద్యార్థులను, మీ సిద్ధాంత వ్యాసం ఎన్ని రోజులలో పూర్తవుతుంది అని అడిగారు. వారు చెప్పినది సగటున 34 రోజులు. పట్టినది సగటున 55 రోజులు. అంచనాకు కట్టుబడినవారు మూడింట ఒక వంతు కూడా లేరు. రాత్రి ఎనిమిది పనులు వ్రాసుకొని మూడు మాత్రమే పూర్తిచేసి, తాను సోమరినని దుఃఖించే విద్యార్థి ఈ అంకెలను చూడాలి. చాలా సందర్భాలలో లోపం శ్రమలో లేదు, అంచనాలో ఉన్నది. పనికి ఎదురుగా అనుకున్న కాలాన్ని, పట్టిన కాలాన్ని రెండింటినీ నమోదు చేసే యాప్ ఈ లోపాన్ని కొద్ది వారాలలోనే బయటపెడుతుంది.

పట్టికలో పనిని వ్రాసే తీరు కూడా ముఖ్యమే. భౌతికశాస్త్రం చదవాలి అని వ్రాసుకోవడం కంటె, ఏ సమయంలో, ఎక్కడ, ఏ భాగం చదవాలో వ్రాసుకుంటే పని జరిగే అవకాశం ఎక్కువని పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో ప్రతిపాదించారు. చోడవరం నుండి రోజూ బస్సులో అనకాపల్లి వచ్చే విద్యార్థిని, బస్సులో కూర్చోగానే నిన్నటి జంతుశాస్త్రం పాఠంలోని పదాలు చూసుకోవాలి అని వ్రాసుకున్నదనుకుందాం. బస్సు ఎక్కడమే ఆమెకు గుర్తుచేసే గంట అవుతుంది. సీటు దొరకని రోజున ఏమి చేయాలో కూడా ముందే అనుకొని ఉంటే మరీ మంచిది. మన బస్సులలో అట్టి రోజులే ఎక్కువ.

ఇంతవరకు చెప్పినది ఒక ఎత్తు. కాలాన్ని కాపాడవలసిన ఫోనే కాలాన్ని మింగివేయడం మరొక ఎత్తు. కంచే చేను మేసినట్లు అనే సామెత దీనికి సరిగ్గా అతుకుతుంది. సమాచారం పెరిగినకొద్దీ అవధానం కరువవుతుందని హెర్బర్ట్ సైమన్ అనే ఆర్థికవేత్త 1971లోనే హెచ్చరించారు. పుస్తకానికి చివరి పుట ఉంటుంది. చలనచిత్రానికి ముగింపు ఉంటుంది. వ్రేలితో జరిపినకొద్దీ క్రొత్త విషయం వస్తూనే ఉండే తెరకు ముగింపు లేదు. ఆ ఏర్పాటును 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్, తరువాతి కాలంలో దాని ఫలితాలను చూసి బహిరంగంగానే విచారం వెలిబుచ్చారు. ఆగవలసిన చోటు లేని దారిలో ప్రయాణికుడు ఆగకపోవడం వింత కాదు. ఈ విషయంలో తప్పంతా యువతదేనని పెద్దలు తీర్పు చెప్పడం న్యాయం కాదు.

ఈ సమస్యకు సమాధానంగా 2018లో గూగుల్ సంస్థ ఆండ్రాయిడ్ ఫోన్లలో డిజిటల్ వెల్‌బీయింగ్‌ను, ఆపిల్ సంస్థ ఐఫోన్లలో స్క్రీన్ టైమ్‌ను ప్రవేశపెట్టాయి. వీటికోసం వేరే యాప్ దించుకోనవసరం లేదు. ఫోన్ సెట్టింగులలోనే ఉంటాయి. ఏ యాప్ మీద రోజుకు ఎన్ని నిమిషాలు గడిచినవో ఇవి చూపుతాయి. ఒక యాప్‌కు 30 నిమిషాలు అని పరిమితి పెడితే, అది ముగిసిన తరువాత ఆ యాప్ మూతపడుతుంది. వీటికి లోపాలున్నాయి. యూట్యూబ్‌లో గడిచిన రెండు గంటలు పాఠం విన్నవో, హాస్య దృశ్యాలు చూసినవో ఆ లెక్క చెప్పదు. పరిమితి పెట్టినవాడే దానిని తీసివేయగలడు. తాళం వేసినవాని చేతిలోనే తాళంచెవి ఉన్నట్లు. అయినా తాళం తీయడానికి పట్టే ఆ రెండు మూడు క్షణాలలో ఆలోచనకు తావు ఉన్నది. చదువుకొనేటప్పుడు ఫోన్‌ను వేరే గదిలో ఉంచడం అన్నిటికంటె సులభం. అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రకటించిన అధ్యయనంలో, ఫోన్‌ను బల్ల మీద ఉంచుకున్నవారి కంటె వేరే గదిలో ఉంచినవారు బుద్ధి పరీక్షలలో మెరుగుగా రాణించారు. తరువాతి పరిశోధనలన్నీ దీనితో ఏకీభవించలేదు; కాని ప్రయత్నించి చూడడానికి ఖర్చు లేదు.

క్రొత్త యాప్ దించుకొనేటప్పుడు అది అడిగే అనుమతులను చదవాలి. నిమిషాలు లెక్కపెట్టే యాప్‌కు ఫోన్‌లోని పేర్లు, నంబర్లతోను, ఛాయాచిత్రాలతోను పని లేదు. అడిగితే ఇవ్వకూడదు, ఇవ్వనిదే పనిచేయనంటే తొలగించాలి.

ఇల్లంతటికీ ఒకే ఫోన్ ఉన్న కుటుంబాలు జిల్లాలో ఉన్నాయి. తండ్రి పని నుండి వచ్చిన తరువాత గాని అది విద్యార్థి చేతికి రాదు. అట్టివారు వెనుకబడిపోయామని భావించనవసరం లేదు. గోడ గడియారం, ఒక పాత నోటుపుస్తకం చాలు. పుటకు మూడు గళ్లు గీయాలి. మొదటి గడిలో పనిని, దానికి అనుకున్న కాలాన్ని వ్రాయాలి. రెండవ గడిలో నిజంగా పట్టిన కాలం. మూడవ గడిలో, మధ్యలో లేచి ఉంటే ఎందుకు లేచినదీ ఒక్క మాట: ఫోన్, నిద్ర, చుట్టాలు, కరెంటు. మొదటి వారం ఏ మార్పూ చేయకుండా వ్రాయడమే పని. ఆదివారం సాయంత్రం లెక్క చూసినప్పుడు మూడవ గడిలో ఏ మాట ఎక్కువసార్లు కనిపిస్తే, సోమవారం నాటి మార్పు అక్కడ మొదలవుతుంది.