మేళము విడిచినవాని సొంత సంగీతము: ఏది వినదగినది?

పై తరగతుల విద్యార్థులు కొందరు ఈ సంవత్సరము మమ్ము నొక ప్రశ్న యడిగిరి. మేళములో వాయించుచుండిన వాడొకడు మేళమును విడిచి, తన పేరుతో తాను వెలువరించిన సంగీతములో వినదగినది యేది యని వారి ప్రశ్న. ప్రశ్న చిన్నదే గాని దానిలో పెద్ద విషయ మిమిడి యున్నది. పదిమందితో గూడి వాయించువాడు పదిమంది యిష్టమును మన్నింపవలయును. ఒంటరిగా పూనుకొన్నప్పుడు గాని వాని మనసులో నున్నదేదో మనకు తెలియదు.

ఇంగ్లండు దేశమున లివర్‌పూలు పట్టణపు యువకులు నలుగురు నడిపిన 'బీటిల్స్' అను రాక్ సంగీత బృందము 1970లో విడిపోయెను. వారిలో జార్జి హారిసన్ అను నతడు ఆ సంవత్సరమే 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' అను మూడు పళ్లెముల సంపుటమును వెలువరించెను. బృందములో నున్నంత కాలము అతని పాటలకు దొరకిన చోటు స్వల్పము. అట్లు నిలిచిపోయిన పాటలు కొన్ని ఈ సంపుటమున వెలుగు చూచినవి. ఇతడు మన పండిత రవిశంకరుగారి యొద్ద సితారు నభ్యసించినవాడు. తూర్పు వైపు చూచిన పాశ్చాత్యుడు. పడమటి వైపు చూచిన మనవారొకరు గలరు. ఆయన కథకు మన నెల్లూరితో సంబంధము గలదు. కావున ఆయనను గూర్చియే యిచ్చట వివరింప నెంచితిమి.

శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యముగారిని మన జిల్లావారికి పరిచయము చేయ నక్కరలేదు. వారి తండ్రి సాంబమూర్తిగారు హరికథా విద్వాంసులు. నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని తమ యింటిని బాలసుబ్రహ్మణ్యముగారు 2020 ఫిబ్రవరిలో వేదపాఠశాల నిమిత్తము కంచి పీఠమునకు సమర్పించిరి. ఆ సంవత్సరమే సెప్టెంబరు 25వ తేదిన కీర్తిశేషులైరి. సినిమాలలో ఇంకను స్థిరపడుచున్న తొలి దినములలో వారు చెన్నపట్టణమున నొక లలితసంగీత మేళమును నడిపెడివారు. ఆ మేళములో అనిరుద్ధ హార్మోనియమును, భాస్కర్ తాళవాద్యములను, గంగై అమరన్ గిటారును వాయించెడివారు. మొదట గిటారును, పిమ్మట హార్మోనియమును వాయించిన మరియొక యువకుడు ఇళయరాజా. నాయకుడు నెల్లూరివాడు, వాద్యకాడు తమిళదేశపు పల్లెటూరివాడు. ఈ వాద్యకాని సొంత సంపుటములే మన విద్యార్థుల ప్రశ్నకు తగిన సమాధానమని మా యభిప్రాయము.

ఇళయరాజాగారు 1943లో నేటి తేని జిల్లాలోని పణ్ణైపురమున జన్మించిరి. పదునాలుగవ యేట అన్న వరదరాజన్‌గారి మేళములో చేరి, సుమారు పదియేండ్లు ఊరూర తిరిగి వాయించిరి. విద్యార్థులు గమనింపవలసిన సంగతి యిచ్చటనే యున్నది. అంతటి యనుభవము గలిగి, చప్పట్లకు కొదువ లేక యున్న వయసులో, 1968లో ఆయన చెన్నపట్టణమున ధనరాజ్ మాస్టరు అను గురువు నొద్ద చేరి, పాశ్చాత్య సంగీతపు లిపిని ఓనమాల నుండి నేర్వ నారంభించిరి. పిమ్మట లండను ట్రినిటీ సంగీత కళాశాలవారి గిటారు పరీక్షయందు బంగారు పతకమును బడసిరి. జి. కె. వెంకటేశ్‌గారికి సహాయకులుగా పనిచేసిరి. 1976లో 'అన్నక్కిళి' అను తమిళ చిత్రముతో సంగీత దర్శకులైరి. 'సాగరసంగమము' (1983), 'రుద్రవీణ' (1988) అను తెలుగు చిత్రముల సంగీతమునకు ఆయనకు జాతీయ బహుమానములు లభించిన సంగతి తలిదండ్రు లెరుగుదురు.

అయినను సినిమాపాట సంగీతకర్త యొక్క స్వేచ్ఛారచన కాదు. అది నాలుగైదు నిమిషములలో ముగియవలయును. కథలోని ఘట్టమునకు, కవి మాటలకు, నిర్మాత కోరికకు లోబడవలయును. ఈ కట్టుబాట్లు లేనిచో ఆయన యేమి వ్రాయునని తెలిసికొన గోరువారు మొట్టమొదట వినవలసినది 1986లో వెలువడిన 'హౌ టు నేమ్ ఇట్' అను సంపుటము. 'దీనికేమని పేరు పెట్టుదుము?' అని దాని యర్థము. దానిని ఆయన త్యాగరాజస్వామికిని, జర్మను దేశపు సంగీతకర్త బాకునకును అంకిత మిచ్చిరి.

ఇందు మాటలు లేవు; వాద్యములే గలవు. ప్రధాన వాద్యము ఫిడేలు; వాయించినవారు వి. ఎస్. నరసింహన్‌గారు. ఈ యెన్నిక చక్కగా కుదిరినది. ఏలయన, ఫిడేలు రెండు సంగీతములకును ఇంటివస్తువే. పడమటి నుండి వచ్చిన ఈ వాద్యమును ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో మన సంగీతమునకు అలవరచెను. నూరేండ్లు గడచునప్పటికి మన ద్వారం వేంకటస్వామినాయుడుగారి చేతిలో అది పూర్తిగా తెలుగువారి సొత్తైనది.

ఈ సంపుటములో రచయిత చేపట్టిన పని యెంత కష్టమైనదో తెలియవలెనన్న, రెండు సంగీతములకు గల భేదమును తెలియవలయును. మన రాగము ఒంటరి బాట వంటిది. స్వరములు ఒకదాని వెంట నొకటి వచ్చును. గమకముచే ప్రతి స్వరమును ఊగుచు ప్రక్క స్వరమును తాకుచుండును. పాశ్చాత్యులది నలుగురు కలసి నడచు బాట. మన పాఠశాల ప్రార్థనాసమయమున పాటబృందము నాలుగు గొంతులతో కీర్తన పాడుట మీరు వినియేయున్నారు. పై గొంతు పాడునది వేరు, క్రింది గొంతు పాడునది వేరు. అయినను అన్నియు కలసి యింపుగా వినబడును. దీనినే హార్మొనీ యందురు. నాలుగు స్వరములు ఏకకాలమున నిలిచి మ్రోగిన గాని ఆ పొందిక కుదరదు. గమకముతో స్వరమును ఊపినచో పొందిక చెదరును. ఊపకున్నచో రాగము చచ్చును. ఈ రెంటిని ఒక్కచోట బ్రతికించుట యెట్లు? ఈ సంపుట మంతయు ఆ ప్రశ్నకు సమాధానపు ప్రయత్నమే.

'మ్యాడ్ మాడ్ మూడ్ ఫ్యూగ్' అను రచన నుదాహరణముగా గైకొందము. ఫ్యూగు అనగా నొక చిన్న రాగఖండమును ఒక వాద్యము మొదలిడ, కొంత సేపటికి రెండవది, ఆపైన మూడవది అదే ఖండము నెత్తుకొని, ఒకదాని నొకటి తరుముచు సాగు రచన. మొదటి వరుస పిల్లలు పద్యము నారంభించి రెండవ పాదమునకు పోవునప్పటికి, రెండవ వరుసవారు మొదటి పాదము నెత్తుకొన్నట్లు ఊహించుకొనుడు. 'ఐ మెట్ బాక్ ఇన్ మై హౌస్', 'అండ్ వి హ్యాడ్ ఎ టాక్' అనునవి జంట రచనలు. బాకు మా యింటికి వచ్చెను, మేము ముచ్చటించుకొంటిమి అని వాని భావము. బాకు 1720 నాటి వ్రాతప్రతిలోని మూడవ పార్టీటా యను ఫిడేలు రచన యొక్క ఆరంభ భాగమును ఇందు గైకొని, మన రచయిత దానితో తన రచనను సంభాషింపజేసిరి. బాకు మరణించినది 1750లో. త్యాగరాజస్వామి జన్మించినది 1767లో. ఒకరి నొకరు చూడని వీరిరువురికి ఈ సంపుటమున సమావేశము కలిగినది. 'ఛేంబర్ వెల్కమ్స్ త్యాగరాజ' అను మరియొక రచన పేరే ఆ సంగతిని తెలుపుచున్నది.

లోపములు లేవని చెప్పము. కొన్ని తావుల అతుకు తెలియుచున్నది; తాళవాద్యముల ధ్వని ఆ కాలపు సినిమాపాటను గుర్తునకు దెచ్చును. అయినను అతుకు కనబడుట చేతనే, రెండు బట్టలను కలిపి కుట్టుట యెంత కష్టమో మనకు బోధపడును. నేర్చుకొనువానికి ఇంతకంటె మంచి పాఠము లేదు.

రెండవది 1988లో వెలువడిన 'నథింగ్ బట్ విండ్'. గాలి తప్ప వేరేమియు లేదని దాని యర్థము. హరిప్రసాద్ చౌరసియాగారు వేణువు వాయింప, ఏబదిమంది వాద్యకాండ్రు తోడైరి. సంగీతము గాలివలె ప్రకృతిలోనిదే యను తలంపుతో కూర్చినది. మొదటి సంపుటము తర్కించును. ఇది తర్కింపదు, సాగిపోవును. మైపాడు తీరమున సరుగుడు తోపుల క్రింద గూర్చున్న పిల్లలకు, గాలి వేగముతో దాని స్వరమును మారుట క్రొత్తగా చెప్ప నక్కరలేదు. సంగీత పరిచయము లేనివారు దీనితోనే ప్రారంభించుట మేలు.

మూడవది 2005లో వెలువడిన 'తిరువాచకము'. మాణిక్యవాచకుల ప్రాచీన తమిళ భక్తిగీతములను బుడాపెస్టు వాద్యబృందముతో గూర్చిన మహారచన యిది. దీనిలో పెద్ద వాద్యబృందపు గాంభీర్య మున్నది గాని, మాటల రుచి తెలియుటకు తమిళము కొంత రావలయును. కావున మన పిల్లలకు దీనిని కడపట నుంచితిమి. తరువాత 2025 మార్చి 8వ తేదిన, తన యెనుబదియొకటవ యేట, లండను నగరమున రాయల్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందముచే ఆయన తన సింఫనీని వినిపించిరి. ధనరాజ్ మాస్టరు నొద్ద దిద్దిన అక్షరములు ఎంత దూరము నడిపించెనో చూడుడు.

తలిదండ్రులు కొందరు, పరుల సంగీతము నేర్చిన మన సంగీతము పోవునని భయపడుదురు. దీక్షితులవారు ఇంగ్లీషు బ్యాండు బాణీలకు సంస్కృత సాహిత్యమును గూర్చి నోట్టుస్వరములను రచించిరి. దానిచేత వారి కృతులకు కొరత గలిగెనా? తన రాగమును చక్కగా నెరిగినవాడు పరుల యింటికి పోయి రిక్తహస్తములతో తిరిగి రాడు. తన రాగము నెరుగనివాడు తన యింటనున్నను బీదవాడే. కాబట్టి భయపడవలసినది పరుల సంగీతమునకు గాదు, మన సంగీతమును సగము నేర్చి మానుటకు.

విద్యార్థులకు మా సలహా యిది. వారమునకొక రచనను మాత్రమే వినుడు. మొదటి మారు ఏ పనియు చేయక వినుడు. రెండవ మారు పై ఫిడేలును విడిచి, క్రింది మంద్రవాద్యములు ఏమి చేయుచున్నవో వినుడు. మూడవ మారు రెంటిని కలిపి వినుడు. మాటలు లేని సంగీతము విసుగు పుట్టించునని తొలుత అనిపించుట సహజము. మూడవ మారునకు ఆ విసుగు తగ్గుట మీకే తెలియును. వార్షికోత్సవమున చప్పట్లు గొట్టించుకొని, మరునాటి నుండి హార్మోనియము మూతవేయు పిల్లలు మనలో నున్నారు. వారు ఇరువదియైదేండ్ల ప్రాయమున, పదేండ్ల చప్పట్ల పిమ్మట, మరల ఓనమాలు దిద్దిన ఆ గిటారు వాద్యకానిని తలచుకొనవలెనని మా కోరిక.