రెంటచింతల ఎండకు ఏ బ్యాటరీ?

2022 సెప్టెంబరు చివర్లో టాటా కంపెనీ టియాగో ఈవీ అనే కరెంటు కారును తెచ్చినప్పుడు దాని ధరల పట్టికలో ఏడు వరసలు, అంటే ఏడు వెర్షన్లు ఉన్నాయి. అడుగున 8.49 లక్షలు, పైన 11.79 లక్షలు. బయటి నుంచి చూస్తే అన్నీ ఒకటే బండి. లోపల మాత్రం రెండు బ్యాటరీలు: 19.2 యూనిట్లు పట్టేది ఒకటి, 24 యూనిట్లు పట్టేది ఇంకొకటి. కరెంటు బిల్లులో యూనిట్ అంటే ఎంతో ఇక్కడా అంతే. ఇంటి దగ్గర పెట్టుకునే చార్జర్లూ రెండు రకాలే: 3.3 కిలోవాట్లు, 7.2 కిలోవాట్లు. ఇక మిగిలిన తేడాలు సీట్ల తొడుగులు, చక్రాల సోకు, చినుకు పడితే వాటంతటవే తిరిగే వైపర్ల వంటివి.

షోరూముకి వెళ్ళినవాళ్ళకు ముందుగా చూపించేది ఆ మిగిలిన తేడాలనే. హైదరాబాదులో, విశాఖలో ఉండేవాళ్ళు వాటిని చూసి ఎంచుకున్నా పెద్దగా నష్టపోరు. అదే బండి కొని పల్నాడులోని రెంటచింతలలో ఇంటి ముందు నిలబెట్టుకునేవాళ్ళు మాత్రం పట్టికను కింది నుంచి చదవడం మొదలుపెట్టాలి. ఎందుకంటే ఆ ఊళ్ళో వెర్షన్‌ని తేల్చేది ఎండ.

భారత వాతావరణ శాఖ పరిశీలన కేంద్రం ఉన్న ఊరు కాబట్టి రెంటచింతల పేరు ఏటా ఏప్రిల్, మే నెలల్లో పేపర్లకెక్కుతుంది. పాదరసం 45 డిగ్రీలు దాటడం అక్కడ వింత కాదు. కారణాలు తెలిసినవే. సముద్రం నూరు కిలోమీటర్లకు పైగా దూరం, చల్లగాలి అంత లోపలికి రాదు. వేసవిలో వాయవ్యం నుంచి వీచే గాలి దక్కన్ పీఠభూమి మీదుగా ఆరిపోయి, వేడెక్కి వస్తుంది. నేల చూస్తే సున్నపురాయి, నాపరాయి. ఆవిరై వేడిని పట్టుకుపోవడానికి మే నెలలో ఆ నేలలో తడి ఉండదు. పైగా పేపర్లో వేసే అంకె నీడలోది. గాలి ఆడేలా చెక్క రెక్కలు అమర్చిన తెల్లటి పెట్టెలో, నేలకు నాలుగడుగుల ఎత్తున థర్మామీటరు పెట్టి తీసింది. అదే సమయంలో ఎండన పడి ఉన్న తారు రోడ్డు 60 డిగ్రీలు దాటుతుంది. అద్దాలు మూసి ఎండలో వదిలేసిన కారులో గంట తిరక్కుండానే బయటికంటే ఇరవై డిగ్రీలు పైకి పోతుంది.

ఈ వేడి బ్యాటరీని ఏం చేస్తుందనే విషయంలో జనంలో ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. ఎండాకాలంలో బండి తక్కువ దూరం నడుస్తుందని భయపడతారు. నిజానికి వేడికి బ్యాటరీ లోపలి నిరోధం తగ్గుతుంది, కరెంటు సులువుగానే బయటికొస్తుంది. దూరాన్ని కోసేది చలి. నార్వే, కెనడా వాళ్ళు ఏటా మొత్తుకునేది దాని గురించే. ఇక్కడ దూరంలో తగ్గేదల్లా ఏసీ తాగే కరెంటు. వేడి చేసే అసలు నష్టం వెంటనే కనపడదు, ఆయుష్షు దగ్గర కొడుతుంది.

లిథియం బ్యాటరీ రుణ ధ్రువం గ్రాఫైటుతో చేస్తారు. మొదటిసారి చార్జి చేసినప్పుడే, పక్కనున్న ద్రవంతో చర్య జరిగి దాని మీద సన్నటి పొర ఏర్పడుతుంది. పల్నాటి ఉప్పునీళ్ళు కాచే గిన్నె అడుగున గార కట్టినట్టు, ఆ పొర ఏళ్ళ తరబడి మందమవుతూ పోతుంది. అది పెరిగినప్పుడల్లా కొంత లిథియం అందులో ఇరుక్కుపోతుంది, మళ్ళీ పనికిరాదు. బండి నడిచినా నడవకపోయినా ఈ పని ఆగదు. రసాయన చర్య కాబట్టి వేడితో వేగం పుంజుకుంటుంది. స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అరేనియస్ 1889లో చెప్పిన సూత్రం నుంచి వచ్చిన మోటు లెక్క ఒకటుంది: పది డిగ్రీలు పెరిగితే చర్య వేగం రమారమి రెట్టింపు. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఈ చర్య మరింత చురుగ్గా సాగుతుంది. నూరు శాతం చార్జి చేసి ఎండలో వారం రోజులు వదిలేసి పెళ్ళికి పోవడం కంటే బ్యాటరీకి చెడుపు లేదు.

ఇక్కడ ఇంకో సంగతి గమనించాలి. కారు బ్యాటరీ రెండు మూడు వందల కిలోల బరువుంటుంది. అంత బరువు తొందరగా వేడెక్కదు, తొందరగా చల్లారదు. మధ్యాహ్నం మూడింటి 46 డిగ్రీలు దానిదాకా చేరేలోపు సాయంత్రం అవుతుంది. కాబట్టి మనం భయపడాల్సింది పేపర్లో పడే గరిష్ఠానికి కాదు, ఎవరూ రాయని కనిష్ఠానికి. రోహిణి కార్తెలో రాత్రి కూడా ముప్ఫై డిగ్రీల దగ్గరే ఆగిపోతే, పగలు పుట్టిన వేడిని వదిలించుకునే వేళ బ్యాటరీకి దొరకదు.

దీన్ని అనుభవించి తెలుసుకున్న ఊరు ఒకటుంది. అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్. మన తెలుగువాళ్ళు దండిగానే ఉన్న ఊరు, ఎండలో రెంటచింతలకు ఏమాత్రం తీసిపోదు. నిస్సాన్ లీఫ్ 2010 చివర్లో మార్కెట్లోకి వచ్చింది. 24 యూనిట్ల బ్యాటరీ, దాన్ని చల్లబరచడానికి నీళ్ళూ లేవు, ఫ్యానూ లేదు. డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ ఆరోగ్యానికి పన్నెండు గీతలు. 2012 వేసవికల్లా ఫీనిక్స్‌లో చాలా కార్లకు ఆ గీతలు ఒకటొకటే రాలిపోవడం మొదలైంది. అదే బండి చల్లటి ఊళ్ళలో బాగానే ఉంది. యజమానుల గోల ముదిరి కంపెనీ కొన్ని కార్లను అరిజోనాలోని తన పరీక్షా కేంద్రానికి తీసుకెళ్ళి చూసింది. 2013లో గీతలు తొమ్మిదికంటే తగ్గితే బాగుచేసి ఇస్తామని వారంటీ ప్రకటించింది. 2015 మోడల్‌కు బ్యాటరీ రసాయనాన్నే మార్చింది. ఎడారిలో బతికే బల్లి పేరుతో జనం దాన్ని లిజర్డ్ బ్యాటరీ అన్నారు. బయటికి అదే కారు, లోపల వేరే కారు. వెర్షన్ అంటే అసలు అర్థం అదీ.

అందుకే రెంటచింతల మనిషి షోరూములో మొదట అడగాల్సింది, "అన్నా, ఇందులో వేసిన సెల్స్ ఎల్ఎఫ్‌పీనా, ఎన్ఎంసీనా?" అని. ఎన్ఎంసీలో నికెల్, మాంగనీసు, కోబాల్టు ఉంటాయి. తక్కువ బరువులో ఎక్కువ కరెంటు పడుతుంది. ఎల్ఎఫ్‌పీలో ఉండేవి ఇనుము, ఫాస్ఫేటు. 1997లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో పాఢీ, నంజుండస్వామి, గుడెనఫ్‌ల బృందం దీన్ని బ్యాటరీకి పనికొచ్చే పదార్థంగా లోకానికి చూపింది. గుడెనఫ్‌కు లిథియం బ్యాటరీల మీద చేసిన కృషికి 2019లో నోబెల్ వచ్చింది. ఎల్ఎఫ్‌పీ ఒక్కో సెల్ ఇచ్చేది 3.2 వోల్టులే, ఎన్ఎంసీ 3.6 వోల్టులకు పైగా ఇస్తుంది. కాబట్టి అదే దూరానికి ఎల్ఎఫ్‌పీ బ్యాటరీ బరువెక్కువ. కానీ అందులో భాస్వరం ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఎంత కాగినా ఆక్సిజన్ తేలిగ్గా వదలదు కాబట్టి అంటుకునే ప్రమాదం బాగా తక్కువ. వేల సార్లు నింపి ఖాళీ చేసినా తట్టుకుంటుంది. దాని బలహీనత గడ్డకట్టే చలి. పల్నాడులో ఆ బాధ లేదు.

ఇప్పుడు మన దేశంలో అమ్మే టాటా బండ్లు, ఎంజీ విండ్సర్, మహీంద్రా బీఈ 6 ఎల్ఎఫ్‌పీవే. మహీంద్రాదే 2023లో వచ్చిన ఎక్స్‌యూవీ 400లో మాత్రం ఎన్ఎంసీ. ఒకే కంపెనీ రెండు దారులూ తొక్కుతుంది కాబట్టి పేరును బట్టి ఊహించకూడదు. ఈ ఇనుప ఫాస్ఫేటు పదార్థాన్ని ఇక్కడే తయారుచేసే పద్ధతిని హైదరాబాదు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ రూపొందించింది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా సెల్స్ ఫ్యాక్టరీకి 2023 మేలో పునాది పడింది.

రెండో ప్రశ్న, బ్యాటరీని దేంతో చల్లబరుస్తారని. టాటావే అయిన టియాగో, నెక్సాన్‌లలో సెల్స్‌కు ఆనించిన పలకల గుండా కూలెంట్ పారుతుంది. అది మరీ వేడెక్కితే కారు ఏసీ వాయువే దాన్ని చల్లబరుస్తుంది. గాలితో సరిపెట్టే బండ్లూ ఉన్నాయి, 2023లో వచ్చిన సిట్రోయెన్ ఈసీ3 అలాంటిదే. బయట గాలే 45 డిగ్రీలున్నప్పుడు ఆ గాలితో దేన్నయినా 45 కంటే కిందికి ఎలా దించుతాం? ఫాస్ట్ చార్జింగ్‌లో ఈ తేడా ఇంకా తేలుతుంది. కరెంటు రెట్టింపయితే లోపల పుట్టే వేడి నాలుగింతలు. ఎండలో నడిచొచ్చిన బండికి వెంటనే ఫాస్ట్ చార్జర్ తగిలిస్తే, అది తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. ముప్పావు గంట అన్నది గంటన్నర అయిందని చార్జింగ్ స్టేషన్ కుర్రాడిని తిట్టి లాభం లేదు.

ఇక ఎంత బ్యాటరీ? 2024లో వచ్చిన 45 యూనిట్ల నెక్సాన్‌కు పరీక్షా కేంద్రం లెక్క 489 కిలోమీటర్లు. వాడేవాళ్ళలో ఎక్కువమందికి వచ్చేది 350 నుంచి 370 అని కంపెనీయే చెప్పుకుంది. పరీక్షలో బండి రోలర్ల మీద నడుస్తుంది, ఏసీ వేయరు. మనం రోడ్డు మీద లెక్కేద్దాం. రెంటచింతల నుంచి గుంటూరు మిర్చి యార్డుకు పోయి రావడం సుమారు 225 కిలోమీటర్లు అనుకుందాం. నిదానంగా నడిపితే నూటికి 12 యూనిట్ల చొప్పున 27 యూనిట్లు. మే నెలలో ఏసీ గంటకు యూనిట్టున్నర తాగితే, ఐదు గంటల ప్రయాణానికి ఏడున్నర. మొత్తం ముప్ఫై నాలుగున్నర. 30 యూనిట్ల నెక్సాన్ దారిలో ఎక్కడో ఆగాల్సిందే, 45 యూనిట్లది ఇంటికొచ్చి పది మిగుల్చుకుంటుంది. హైవే ఎక్కి అరవై నుంచి వందకు పెంచితే గాలి నిరోధం దాదాపు మూడింతలవుతుంది, అప్పుడు ఆ పదీ ఉండవు.

అలాగని అందరికీ పెద్ద బ్యాటరీయే మంచిదనడానికి లేదు. మాచర్ల, గురజాల, కారంపూడి తిరిగొచ్చే టీచరుకో, ఆర్ఎంపీ డాక్టరుకో టియాగో చిన్న బ్యాటరీ చాలు. పొర పెరగడం కాలంతో, వేడితో జరిగే పని అని చెప్పుకున్నాం కదా. వాడని 20 యూనిట్లు కూడా వాకిట్లో నిలబడి ముసలివవుతాయి. డబ్బు పెట్టి కొని ఎండబెట్టడమే అవుతుంది. యార్డుకో, హైదరాబాదుకో నెలలో నాలుగైదు సార్లయినా పోయేవాళ్ళకే పెద్దది కిట్టుబాటు.

బ్యాటరీ మీద మిగిల్చిన డబ్బును చార్జర్ మీద పెట్టమంటాను. 45 యూనిట్లు నిండాలంటే 3.3 కిలోవాట్ల చార్జర్‌కు పద్నాలుగు గంటలు పడుతుంది, 7.2 దానికి ఆరున్నర. తేడా సౌకర్యంలోనే కాదు. పద్నాలుగు గంటల చార్జింగ్ సాయంత్రమే మొదలుపెట్టాలి. అప్పుడు బ్యాటరీ కాగి ఉంటుంది, ఊరంతా ఏసీలు, కూలర్లు తిరుగుతూ వోల్టేజీ పడిపోయి ఉంటుంది. ఆరు గంటలదైతే అర్ధరాత్రి పెట్టి, బయల్దేరే వేళకు ముగిసేలా టైమర్ పెట్టుకోవచ్చు. నిండిన బ్యాటరీ ఎండలో నిలబడే పనుండదు. దీనికి విడిగా వైరు లాగించాలి, ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి, మీటరు లోడు పెంచమని కరెంటాఫీసులో దరఖాస్తు పెట్టాలి. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే బిల్లులో నూట యాభై యూనిట్ల దాకా కొత్తగా చేరతాయి, శ్లాబు మారుతుందని గుర్తుంచుకోవాలి.

వెర్షన్ల పట్టికలో పైపైకి పోయేకొద్దీ వచ్చేది అద్దాల కప్పు. విండ్సర్ పై వెర్షన్‌కు నడినెత్తిన పెద్ద అద్దం ఉంటుంది. మిట్టమధ్యాహ్నం చదరపు మీటరు మీద పడే ఎండ సుమారు వెయ్యి వాట్లు. అందులో నాలుగో వంతు లోపలికొచ్చినా 250 వాట్ల హీటరు నెత్తిన పెట్టుకుని, దాన్ని చల్లార్చడానికి ఏసీ పెంచుకున్నట్టు. రెంటచింతలలో ఆకాశం చూడాలనుకుంటే రాత్రి పూట డాబా ఎక్కొచ్చు, లక్ష రూపాయలు పొయ్యక్కర్లేదు. ఆ డబ్బులో పదో వంతు పెట్టి బండికి తాటాకు పందిరి వేయించుకుంటే బ్యాటరీకి ఏళ్ళు కలిసొస్తాయి. రేకుల షెడ్డు మాత్రం వద్దు. కాగిన రేకు కిందికి వేడి కక్కుతుంది, పందిరిలోంచి గాలి ఆడుతుంది.

2024 సెప్టెంబరులో విండ్సర్‌తో ఇంకో రకం వెర్షన్ వచ్చింది. బ్యాటరీని మినహాయించి బండి కొనడం, బ్యాటరీకి కిలోమీటరు లెక్కన అద్దె కట్టడం. అప్పట్లో ఆ అద్దె కిలోమీటరుకు మూడున్నర రూపాయలు, అంటే వెయ్యి కిలోమీటర్లకు మూడు వేల అయిదొందలు, కరెంటు ఖర్చు వేరే. చల్లటి ఊళ్ళో ఉండేవాళ్ళకు ఇది దండగ అనిపించవచ్చు. ఎండకు బ్యాటరీ అరిగిపోయే ఊళ్ళో మాత్రం ఆ అరుగుదల ఎవరి నెత్తిన పడుతుందన్నది పెద్ద ప్రశ్న. నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లని షరతు ఉందా, ఒప్పందం ఎన్నేళ్ళు, అది తీరేసరికి బ్యాటరీ ఎవరిదవుతుంది, డెబ్బై శాతానికి పడిపోతే ఎవరు మారుస్తారు? ఈ నాలుగింటికీ జవాబు కాగితం మీద రాయించుకున్నాకే సంతకం పెట్టాలి.