తప్పెవరిది? చేపముల్లును అడగండి

10 మి.లీ. ఆక్జాలిక్ ఆమ్లానికి గతవారం సరిపోయినంత సోడియం హైడ్రాక్సైడు ఈ వారం చాలడం లేదనుకోండి. "నీకింకా చేయి తిరగలేదు" అనేయడం తేలిక. జపాన్ ఇంజనీరు కావోరు ఇషికావా 1943లో కవాసాకీ ఉక్కు కర్మాగారంలో కారణాలన్నిటినీ ఒకే బొమ్మలో పెట్టి చూపాడు.

చేప తల దగ్గర సమస్య రాయండి. వెన్నెముకకు ముళ్ళు గీయండి: మనిషి, పరికరం, పదార్థం, పద్ధతి. (నలుగురూ కలిసి గీయాలి. ఒక్కరే గీస్తే తమ ముల్లు మరచిపోతారు!) ప్రతి ముల్లు దగ్గరా "ఎందుకు?" అని అడగండి. బ్యూరెట్టులో గాలిబుడగ ఉందా? ద్రావణం బలం తగ్గిందా? ఎందుకు? సీసా మూత తీసి ఉంచితే ఆ క్షారం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటుంది.

ఇదింకా అనుమానమే. పటం దోషిని తేల్చదు. మూత బిగించి దాచిన అదే ద్రావణంతో మళ్ళీ టైట్రేషన్ చేసి చూడండి.