స్ప్రింగులో ప్రతినాదం

ఖాళీ హాల్లో చప్పట్లు కొడితే శబ్దం కాసేపు నిలుస్తుంది. అదే ప్రతినాదం. వాల్వులతో చేసే గిటారు యాంప్లిఫయర్‌లో ఈ పని స్ప్రింగు చేస్తుంది. 1963లో ఫెండర్ సంస్థ 'వైబ్రోవెర్బ్'లో దీన్ని అమర్చింది. ఒక కాయిల్ స్ప్రింగును కంపింపజేస్తుంది. రెండో చివరి కాయిల్ ఆ కంపనాలను తిరిగి విద్యుత్తుగా మారుస్తుంది.

ఇంట్లో చేసిన సెట్టులో మోత ఎక్కువై పాట తెలియకపోతే, స్ప్రింగును నడిపే వాల్వుకు ముందున్న కెపాసిటర్ విలువ తగ్గించాలి. ప్రతినాదంలో బేస్ తగ్గి స్పష్టత వస్తుంది. మైపాడు వంటి తీరగ్రామాల్లో ఉప్పుగాలికి స్ప్రింగు తుప్పు పట్టకుండా కప్పి ఉంచాలి.

ముఖ్యమైన హెచ్చరిక: ఇలాంటి సెట్టులో 300 వోల్టులకు పైగా ఉండవచ్చు. ప్లగ్గు తీసినా కెపాసిటర్లలో విద్యుత్తు మిగిలి ప్రాణం తీయగలదు. తెలిసినవారు పక్కన లేనిదే పెట్టె విప్పకండి.