లెక్కల పీరియడుకు ముందు ఖోఖో

పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయంటే చాలు, లెక్కల మాస్టారు నన్ను వెతుక్కుంటూ వస్తారు. "మాస్టారూ, ఈ వారం మీ గేమ్స్ పీరియడ్లు నాకిచ్చేయండి, సిలబస్ మిగిలిపోయింది." పీఈటీ బతుకే అంత. ఇస్తాను గానీ, అందువల్ల ఆయనకే నష్టమేమోనని నా అనుమానం.

ఆధారం లేకపోలేదు. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ హిల్‌మన్ బృందం 20 మంది చిన్నపిల్లల్ని ఒకరోజు ట్రెడ్‌మిల్ మీద 20 నిమిషాలు నడిపించింది, మరో రోజు ఊరికే కూర్చోబెట్టింది. నడక అయ్యి గుండె వేగం మామూలుకు దగ్గరపడ్డాక పరీక్ష పెట్టారు. తెర మీద పక్క గుర్తులు ఎంత తికమకపెట్టినా మధ్య గుర్తును బట్టే మీట నొక్కాలి. నడిచిన రోజు తప్పులు తగ్గాయి. చదివింది అర్థం చేసుకోవడమూ మెరుగైంది. 2009లో అచ్చయిన ఈ పరిశోధనలో లెక్కలు మాత్రం మెరుగుపడలేదు. ఆ ముక్క నేను మా లెక్కల మాస్టారికి చెప్పలేదు, మీరూ చెప్పకండి.

ఇక్కడ ముఖ్యంగా పెరిగేది నిగ్రహం. ఆకుపచ్చ సిరాతో "ఎరుపు" అని రాసి, సిరా రంగేమిటో చెప్పమనండి. నోటికి ముందు "ఎరుపు" అనే వస్తుంది. దాన్ని ఆపడం నుదుటి వెనకున్న మెదడు భాగం పని. 1935లో స్ట్రూప్ అనే మనస్తత్వవేత్త ప్రచురించిన పరీక్ష ఇది. జపాన్‌లో సుకుబా విశ్వవిద్యాలయం వాళ్లు 10 నిమిషాలు సైకిల్ తొక్కించాక ఇదే పెడితే జవాబులు త్వరగా వచ్చాయి, ఆ భాగంలో ఎడమవైపు చురుకూ పెరిగింది. ఒళ్లు కదిలితే మెదడులో నారడ్రినలిన్, డోపమైన్ ఎక్కువవడం ఒక కారణమని శాస్త్రజ్ఞులు అనుకుంటున్నారు.

గొప్పలు చెప్పను. 2012లో యు-కై చాంగ్ బృందం 79 అధ్యయనాల్ని కలిపి చూస్తే లాభం ఉందని తేలింది, కానీ చిన్నదే. అదీ కాసేపే. రొప్పు వచ్చేదాకా పరుగెత్తిస్తే ఆ సమయానికి బుర్ర మందగించనూవచ్చు. పక్కవాడితో మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత వేగం చాలు. ఆఖరి ఐదు నిమిషాలు నీడన కూర్చోబెట్టి, నీళ్లు తాగించి క్లాసుకు పంపాలి.

మైదానం చుట్టూ తిప్పినా సరిపోతుంది గానీ, నా ఓటు ఖోఖోకే, అక్కడా కావాల్సింది ఆ నిగ్రహమే. వెనక నుంచి "ఖో" వినబడేదాకా కూర్చున్నవాడు లేవకూడదు, లేస్తే ఫౌల్. మొదటి పది నిమిషాల్లో ఎక్కువ ఫౌళ్లు చేసేది మా బడిలో అందరికన్నా చురుకైన పిల్లలే.